దొరికిన వెండి బిళ్ళ అసలుదేనా? ఎంత చేస్తుంది?

(ఈ వారం ఎపిసోడ్‌కి రాతరూపం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం, మరీ సాగదీసిన చోట్ల మాత్రం కొంచెం కత్తిరించాం.)

 

ఇవాళ కాంట్రాక్టుల గురించీ వీసాల గురించీ కాదు. పాత వెండి బిళ్ళల గురించి. నవ్వకండి. ఈ మధ్య నాకు వచ్చే వాయిస్ మెసేజ్‌లలో జీతం రాలేదు అన్న మాట తర్వాత ఎక్కువగా వినపడేది ఇదే. "అన్నా, మా నాయనమ్మ పెట్టెల రాణి బొమ్మ రూపాయిలు ఉన్నయి, ఎంత వస్తదన్నా?" "అన్నా, సైట్ల మట్టి తీస్తుంటే బిళ్ళ దొరికింది, యూట్యూబ్‌ల నలభై లక్షలు అంటున్నరు, నిజమేనా?" నన్నే ఎందుకు అడుగుతారంటే నేను కంసాలి ఇంట్లో పుట్టాను, మనామాలో వెండి బంగారం పని చేసే వర్క్‌షాపులో చాలా ఏళ్ళుగా ఉన్నాను. బిళ్ళను చేతిలో పెడితే వెండా కాదా అన్నది చెప్పగలను. దానికి మించి చెప్పాలంటే కొన్ని పరీక్షలు చెయ్యాలి. ఆ పరీక్షల్లో చాలావరకు మీ రూమ్‌లో మీరే చేసుకోవచ్చు. అదే ఇవాళ్టి విషయం.

ముందు ఒక సంగతి. బహ్రెయిన్‌లో మన రూపాయి బిళ్ళ దొరకడం వింతేమీ కాదు. మీరు కోల్డ్ స్టోర్‌కి పోయినప్పుడు ఇక్కడి పెద్దవాళ్ళు వంద ఫిల్స్‌ని "రుబియ్యా" అనడం వినే ఉంటారు. అది మన రూపాయే. 1965 దాకా ఇక్కడ నడిచిన డబ్బు ఇండియా రూపాయి. ముత్యాల వ్యాపారం బొంబాయితో ముడిపడి ఉండేది, డైవర్లకి సీజన్ ముందు ఇచ్చే అడ్వాన్సులూ రూపాయల్లోనే. ఇండియాలోకి బంగారం దొంగరవాణా లెక్కలు తలనొప్పి అయ్యాక, 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగుల్లో నోట్లు వేసింది. వాటినే గల్ఫ్ రూపాయలు అన్నారు. 1965లో దీనార్ వచ్చినప్పుడు పది రూపాయలకి ఒక దీనార్ ఇచ్చారు. దీనార్‌కి వెయ్యి ఫిల్స్ కాబట్టి, రూపాయి వంద ఫిల్స్ అయింది. డబ్బు పోయినా పేరు ఉండిపోయింది. కాబట్టి ముహర్రక్‌లోనో మనామాలోనో పాత ఇంట్లో విక్టోరియా రాణి బిళ్ళ కనపడిందంటే అది మన తాతల కాలంలో ఇక్కడ కూలీ ఇచ్చిన డబ్బే అనుకోండి.

ఇప్పుడు పరీక్షలు. మొదటిది తూకం. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి, 1835 నుంచి 1939 దాకా కొట్టినది, బరువు 11.66 గ్రాములు. అంటే సరిగ్గా ఒక పాత తులం. ఇప్పుడు మన దగ్గర షాపుల్లో తులం అంటే పది గ్రాములు అంటున్నారు గానీ, అసలు తులం 11.66. రూపాయి బిళ్ళే తూకం రాయి. మా తాత తక్కెడలో బంగారానికి ఎదురు రూపాయి బిళ్ళలే వేసేవాడు. ఇక్కడ గోల్డ్ సిటీలో టీటీ బార్ అని అమ్ముతారు చూడండి, అది పది తులాల కడ్డీ. 116 గ్రాముల చిల్లర. ఆ లెక్క కూడా ఇదే తులం. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, బేడ 1.46 గ్రాములు. రూపాయి అడ్డం కొలత 30 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది.

అరిగిన బిళ్ళ కొంచెం తగ్గొచ్చు, 11.4, 11.5 అలా. దానికి భయపడక్కర్లేదు. కానీ 10 గ్రాములో 9 గ్రాములో తూగితే అది పోత పోసిన నకిలీ అనుకోవాల్సిందే. 12 దాటినా అంతే. చేతులు మారి మారి అరిగే బిళ్ళ బరువు పెరగదు కదా.

రెండోది అయస్కాంతం. వెండికి అయస్కాంతం అంటదు. బిళ్ళ ఠక్కున అతుక్కుంటే లోపల ఇనుము ఉందన్నమాట. ఇక్కడొక చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. 1947 సంవత్సరం రూపాయి, ఒకవైపు ఆరో జార్జి, ఇంకోవైపు పులి, అది అయస్కాంతానికి అతుక్కుంటుంది. అయినా అసలుదే. ఎందుకంటే దాంట్లో వెండి లేదు, నికెల్. యుద్ధం తర్వాత వెండి మానేశారు. పులి బొమ్మ చూసి వెండి రూపాయి అని పెట్టెలో దాచుకున్నవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. దాన్ని చూపించి వెండి ధర అడిగితే షాపువాడు నవ్వుతాడు.

అంటే సంవత్సరాన్ని బట్టి వెండి మారుతుంది. 1835 నుంచి 1939 దాకా నూటికి 91.7 పాళ్ళు వెండి. 1940 నుంచి 1945 దాకా సగమే వెండి. అప్పుడే దొంగ బిళ్ళలు రాకుండా అంచు మీద కొత్త రకం గీత కూడా పెట్టారు. 1946 నుంచి సున్నా. నిజాం హాలీ సిక్కా, చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి, బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్ళు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ వాళ్ళ ఇళ్ళల్లో బ్రిటిష్ రూపాయిల కంటే ఇవే ఎక్కువ ఉంటాయి. చార్మినార్ గుమ్మంలో చూస్తే ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. ఆ అంకెని 0.97తో గుణించి 622 కలపండి, సుమారుగా మన సంవత్సరం వస్తుంది. అరబ్బీ అంకెలు ఇక్కడ రోజూ చూస్తూనే ఉన్నారు, చదవడం కష్టమేం కాదు.

మూడోది, నాకు బాగా ఇష్టమైనది, నీళ్ళ తూకం. బరువు సరిపోయినంత మాత్రాన వెండి అని చెప్పలేం, ఇత్తడిని కొంచెం మందంగా పోస్తే బరువు సరిపెట్టొచ్చు. నీళ్ళ తూకాన్ని మోసం చెయ్యడం కష్టం. రెండు చుక్కల తర్వాత రెండు అంకెలు చూపించే చిన్న జేబు తూకం కావాలి, రూమ్‌కి ఒకటి కొనుక్కుంటే అందరికీ పనికొస్తుంది. ముందు బిళ్ళను మామూలుగా తూచి అంకె రాసుకోండి. తర్వాత తూకం మీద చిన్న ప్లాస్టిక్ గ్లాసు పెట్టి సగం నీళ్ళు పోసి, సున్నా నొక్కండి. బిళ్ళకి సన్న దారం కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకి తగలకూడదు, పక్కకి ఆనకూడదు, బుడగలు అంటుకుని ఉండకూడదు. దారం చేత్తోనే పట్టుకుని ఉండాలి. ఇప్పుడు తూకం ఒక చిన్న అంకె చూపిస్తుంది. మొదటి బరువుని ఈ అంకెతో భాగించండి.

91.7 పాళ్ళ వెండి రూపాయి అయితే 10.3 దగ్గర వస్తుంది. అంటే 11.66 గ్రాముల బిళ్ళ నీళ్ళలో సుమారు 1.13 చూపించాలి. నిజాం రూపాయికి 10.2 దగ్గర. 1940ల సగం వెండి రూపాయికి 9.7 దగ్గర. రాగి అయితే 9 కిందకి వస్తుంది, ఇత్తడి, జర్మన్ సిల్వర్ ఎనిమిదిన్నర, ఎనిమిది ముప్పావు ఆ మధ్యలో. జర్మన్ సిల్వర్ పేరులోనే వెండి, లోపల రాగి, జింకు, నికెల్, వెండి చుక్క కూడా లేదు. సీసం కలిపితే మాత్రం అంకె పైకి పోతుంది, అప్పుడు గోరుతో గీస్తే మెత్తగా తెలుస్తుంది. రెండు మూడుసార్లు చెయ్యండి, ఒక్కసారికే నమ్మకండి.

ఐస్ ముక్క పెట్టి చూడమంటారు కొందరు, వెండి మీద గబగబా కరుగుతుందని. కరుగుతుంది. రాగి మీద కూడా కరుగుతుంది. దాన్ని వదిలెయ్యండి.

ఇక కళ్ళతో చూడాల్సినవి. పోత పోసిన బిళ్ళ మీద సన్న సన్న గుంటలుంటాయి, అక్షరాల అంచులు కరిగిన మైనంలా మొద్దుగా ఉంటాయి, అంచు చుట్టూ అతుకు గీత కనపడొచ్చు. టంకశాలలో అచ్చు గుద్దిన బిళ్ళకి అక్షరాలు పదునుగా లేస్తాయి, అంచు గాట్లు సమానంగా ఉంటాయి. అరిగినా సరే, అరిగే తీరు వేరు. పైకి లేచిన చోట్లు, రాణి చెంప, జుట్టు, ముందు అరుగుతాయి, మూలల్లో పదును మిగులుతుంది. అంతా ఒకే తీరుగా మొద్దుబారి ఉంటే అనుమానించండి. ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, భూతద్దం పని అయిపోతుంది.

ఒక దణ్ణం పెట్టి చెప్తున్నా, తోమకండి. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, సబీనా వద్దు, టూత్‌పేస్ట్ అసలు వద్దు. పాత బిళ్ళ మీద పట్టిన నలుపే దాని వయసు. సేకరించేవాళ్ళు ఆ నలుపుకే డబ్బులిస్తారు. తోమి తళతళ మెరిపిస్తే వెండి ధర తప్ప ఇంకేం రాదు. మట్టి ఉంటే మంచినీళ్ళలో నానబెట్టి మెత్తని గుడ్డ మీద ఆరనివ్వండి, చాలు. షాపులో గీటురాయి మీద గీస్తానన్నా, యాసిడ్ చుక్క వేస్తానన్నా ఒప్పుకోకండి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ ఉన్న షాపుకి పోతే గీత పడకుండా చెప్తారు. కానీ అది పైపొరనే చదువుతుంది. వెండి నీళ్ళు దళసరిగా ఎక్కించిన బిళ్ళని మెషిన్ కూడా వెండి అనే అంటుంది. అందుకే నీళ్ళ తూకం అంత గట్టిగా చెప్పాను.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. ఆ తమ్ముడు ఒప్పుకున్నాడు కాబట్టి చెప్తున్నాను, పేరు ఊరు చెప్పను. ముహర్రక్‌లో ఒక పాత ఇల్లు రిపేర్ చేస్తున్నారు. ఆ ఇళ్ళు మీకు తెలుసు, సముద్రపు రాయి, జిప్సం గోడలు. గోడ పెచ్చులు కొడుతుంటే మట్టిలోంచి పెద్ద బిళ్ళ పడింది. ఒకవైపు లావుపాటి ఆడమనిషి ముఖం, తల మీద ముసుగు, ఇంకోవైపు రెండు తలల గద్ద. అంకె 1780. రూమ్‌కి తెచ్చాడు. ఇంకేముంది, రూమంతా ఇంటర్నెట్‌లో వెతకడమే. ఎవరో 1780 వెండి నాణెం అని కొడితే కోట్లలో అంకె వచ్చింది. మర్నాటికి ఒక ఫేస్‌బుక్ పేజీలో ఫొటో పెట్టారు. గంటలో వాట్సాప్‌లో ఒకడు వచ్చాడు. ఇంగ్లిషు, హిందీ కలిపి, చాలా మర్యాదగా. పన్నెండు లక్షలు ఇస్తానన్నాడు. కానీ "రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషన్"కి ముందు 95 దీనార్లు కట్టాలన్నాడు. రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న లెటర్ కూడా పంపాడు.

ఈ తమ్ముడి జీతం 110 దీనార్లు. ఏజెంట్ అప్పు ఇంకా తీరలేదు. రూమ్‌లో ఇద్దరి దగ్గర అప్పు చేసి 95 సిద్ధం చేసుకుని, శుక్రవారం నా దగ్గరికి వచ్చాడు. పంపేముందు ఒకసారి చూపిద్దామని.

బిళ్ళ తీసుకుని తూచాను. 28 గ్రాములు. నీళ్ళ తూకం 10.2 దగ్గర. అంచు తిప్పి చూస్తే గాట్లు కాదు, లేచిన అక్షరాలు, మధ్యలో పువ్వులు. "అన్నా, అసలుదేనా?" అన్నాడు. అసలుదే అన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పడానికి నాకు కొంచెం టైం పట్టింది.

ఆ బిళ్ళ పేరు మరియా థెరీసా థేలర్. ఆమె ఆస్ట్రియా మహారాణి, 1780లో చనిపోయింది. అప్పటికే ఆ వెండి బిళ్ళ మీద అరబ్బులకి ఎంత నమ్మకమంటే, ముఖం మార్చినా తేదీ మార్చినా తీసుకోమన్నారు. వాళ్ళ లెక్కలో మంచి వెండి అంటే ఆ ఆవిడ ముఖం. భుజం మీది పిన్నులో ముత్యాలు లెక్కపెట్టుకుని మరీ తీసుకునేవాళ్ళు. సరే అని ఆస్ట్రియా టంకశాల 1780 అంకెతోనే కొట్టడం మొదలుపెట్టింది, ఆపలేదు. వియన్నాలో ఇవాళ్టికీ కొడతారు. 1935లో ముస్సోలినీ ఇథియోపియా మీద యుద్ధానికి ఆ అచ్చులు తీసుకున్నాడు, రోమ్‌లో కొట్టించాడు. దాంతో ఇంగ్లండ్ వాళ్ళూ లండన్‌లో మొదలుపెట్టారు. 1940, 41లో మన బొంబాయి టంకశాలలో కూడా కొట్టారు. చూడండి, బొంబాయిలో మనవాళ్ళ చేతుల్లో పుట్టిన బిళ్ళ మీద కూడా 1780 అనే ఉంటుంది. యెమెన్, ఒమన్, ఈ గల్ఫ్ అంతా దాన్ని రియాల్ అనే పిలిచారు, ఫ్రాన్సీ రియాల్ అని కూడా. కోట్ల సంఖ్యలో ఉన్నాయి.

కాబట్టి అది అసలుదే, వెండిదే, కానీ 1780లో కొట్టినది అని అంకె చూసి చెప్పలేం. ఏ టంకశాలది, ఏ కాలంది అని తేల్చేవాళ్ళు పిన్నులో ముత్యాలు, గద్ద తోకలో ఈకలు, అక్షరాల తీరు చూసి చెప్తారు. కొన్ని రకాలకి సేకరించేవాళ్ళు ఎక్కువ ఇస్తారు. మామూలు వాటికి వెండి ధర, దాని మీద కొంచెం. 28.07 గ్రాముల్లో 83.3 పాళ్ళు, అంటే 23.4 గ్రాముల వెండి. ఆ రోజు ధర ఎంత ఉంటే దానితో గుణించుకోండి. పన్నెండు లక్షలకీ దానికీ మధ్య ఎంత దూరమో వాడికి ఫోన్‌లో లెక్క చేసి చూపించాను. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

ఇలా అంకె మారని బిళ్ళలు మన దగ్గరా ఉన్నాయి. 1862 విక్టోరియా రూపాయి దొరికితే సంబరపడకండి, అదే అంకెతో 1874 దాకా కొట్టారు. అందుకే అది ఊరూరా ఉంది. పాతది అయితే విలువ ఎక్కువ అన్నది తప్పు లెక్క. తక్కువ మిగిలి, ఎక్కువమంది అడిగితేనే విలువ. 1911 అయిదో జార్జి రూపాయి చూడండి. రాజు అంగీ మీద ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ లేచింది. వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేశారు, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. కాబట్టి 1911కి కొంచెం ఎక్కువ ధర. 1939 ఆరో జార్జి రూపాయి నిజంగా అరుదు. అందుకే 1939 అంకె వేసి దొంగ బిళ్ళలు తయారుచేస్తారు. మీ దగ్గర 1939 ఉందంటే ముందు సంతోషం కాదు, ముందు అనుమానం. అక్కడ పెద్ద నాణేల వేలం సంస్థలకో, పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ కంపెనీలకో పంపి పరీక్ష చేయిస్తేనే మాట.

ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 అంకెతో, రాముడు సీత హనుమంతుడు, లేదా ఓం, లక్ష్మీదేవి ఉన్న బిళ్ళల ఫొటోలు నాకు వారానికి నాలుగు వస్తాయి. కంపెనీ అలాంటివి ఎప్పుడూ కొట్టలేదు. గుడి దగ్గర అమ్మిన పూజా బిళ్ళలు, తర్వాతెప్పుడో చేసినవి. దేవుడి గదిలో పెట్టుకోండి, తప్పులేదు, అమ్మబోకండి. బియ్యం లాగే బిళ్ళ, అదే రైస్ పుల్లింగ్, దాని గురించి చెప్పక్కర్లేదు అనుకుంటా. బియ్యానికి ఇనుప రజను పట్టించి, లోపల అయస్కాంతం దాచే ఆట అది. మన రెండు రాష్ట్రాల్లో పోలీసులు ఎన్ని కేసులు పెట్టినా, ఇంకా ఇల్లు అమ్ముకుని మరీ దాంట్లో డబ్బు పెడుతున్నారు. గల్ఫ్ డబ్బు అని తెలిస్తే వాళ్ళకి ఇంకా ఇష్టం.

ఆ వాట్సాప్ వాడి సంగతి. రిజర్వు బ్యాంకు పాత నాణేలు కొనదు, అమ్మదు, దానికి ఎవరినీ ఏజెంట్‌గా పెట్టలేదు, ఎలాంటి ఫీజూ అడగదు. ఇది నా మాట కాదు, 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది, తన పేరు వాడి మోసం చేస్తున్నారని. కొనేవాడు మీకు డబ్బివ్వాలి గానీ మీ దగ్గర తీసుకోడు. ఇంత చిన్న లెక్క పన్నెండు లక్షలు అన్న మాట వినగానే ఎందుకు కనపడకుండా పోతుందో, ఏజెంట్ అప్పు ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ట్రాక్టర్ బొమ్మ అయిదు రూపాయల నోటుకి, 786 నంబరు నోటుకి కూడా ఇదే ఆట.

ఇక కొంచెం గట్టిగా చెప్పాల్సింది. ఆ బిళ్ళ ఎవరిది? తమ్ముడు అన్నాడు, నాకు దొరికింది కాబట్టి నాదేనన్నాడు. అలా కాదు. బహ్రెయిన్‌లో 1995 నుంచి పురావస్తువుల రక్షణ చట్టం ఉంది. నేలలోనో పాత కట్టడంలోనో దొరికిన పురావస్తువుని దాచుకోవడం, అమ్మడం, దేశం దాటించడం కుదరదు. అధికారులకి చెప్పాలి. ఇది చిన్న దేశమే గానీ మట్టి మామూలు మట్టి కాదు. ఖలాత్ అల్ బహ్రెయిన్ కోట దగ్గర డెన్మార్క్ వాళ్ళు తవ్వితే అలెగ్జాండర్ నమూనా వెండి నాణేల కుప్ప దొరికింది. ముహర్రక్‌లో ముత్యాల బాట, ఊళ్ళ మధ్య దిల్మున్ సమాధి దిబ్బలు, ఇవన్నీ యునెస్కో జాబితాలో ఉన్నాయి. బిళ్ళ అంత పాతది కాదే అనుకుందాం, అప్పుడైనా అది ఆ ఇంటి యజమానిది. కంపెనీ సైట్‌లో దొరికినది రూమ్‌లో పెట్టుకుంటే రేపు ఎవరైనా దొంగతనం అంటే మన దగ్గర జవాబు లేదు. కేసు తేలేదాకా ఊరికి పోనివ్వరు. 23 గ్రాముల వెండి కోసం అంత పెట్టుకోవాలా?

తర్వాతి రోజు పొద్దున్నే తమ్ముడు ఫోర్‌మన్‌ని తీసుకుని ఇంజినీర్ దగ్గరికి పోయాడు. ముందు రెండు వైపులా ఫొటో, తేదీ, ఎక్కడ దొరికింది, ఒక కాగితం మీద రాసి, ఇంజినీర్‌తో సంతకం పెట్టించుకోమని నేనే చెప్పాను. ఆయన పెట్టాడు. ఎక్కడో దాచింది ఇప్పుడు తెచ్చాడని తర్వాత ఎవరూ అనకుండా. తర్వాత సంగతి ఆఫీసు చూసుకుంది. ఆ ఇంటి పెద్దాయన ఒకరోజు సైట్‌కి వచ్చి, అలాంటివి మా నాయనమ్మ దగ్గర ఉండేవి అని నవ్వి, తమ్ముడి చేతిలో ఇరవై దీనార్లు పెట్టాడట. రూమ్‌వాళ్ళ 95 అదే సాయంత్రం తిరిగి ఇచ్చేశాడు.

మన ఊళ్ళో అయితే? పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో దొరికితే 1878 నాటి చట్టం, ట్రెజర్ ట్రోవ్ చట్టం, ఇంకా నడుస్తోంది. పది రూపాయల విలువ దాటిన దేదైనా నేలలో దాగి ఉండి దొరికితే కలెక్టర్‌కి తెలపాలి. చాలామందికి తెలియంది ఏంటంటే, ఆ చట్టంలో దొరికించుకున్నవాడికి హక్కు ఉంది. పాతిపెట్టినవాడు ఎవరూ లేరని తేలితే, ఆ భూమి వేరేవాళ్ళదైతే, మామూలుగా మూడొంతులు దొరికినవాడికి, ఒక వంతు భూమి యజమానికి. నాలుగు వంతుల్లో అన్నమాట. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహం విలువ, దాని మీద అయిదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. చెప్పకుండా దాస్తే ఆ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. మా వైపు ఇది ఊహ కాదు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన పాత నాణేలతోనే కదా శాతవాహనుల చరిత్ర తిరగరాశారు, వాళ్ళకి ముందున్న రాజుల పేర్లూ ఆ బిళ్ళల మీదే బయటపడ్డాయి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని చదివి చెప్పారు. వాటిల్లో చాలావరకు రాగి, సీసం లాంటివి. కరిగిస్తే చారెడు లోహం.

నాయనమ్మ పెట్టెలోవి వేరే సంగతి, అవి మీవి. అమ్ముకోవచ్చు, ఉంచుకోవచ్చు. కానీ ఇక్కడికి తెచ్చి అమ్ముదామనుకోకండి. ఇండియాలో 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కింద లెక్క, లైసెన్సు లేకుండా దేశం దాటించకూడదు. శంషాబాద్‌లో బ్యాగులో విక్టోరియా బిళ్ళలు కనపడితే సమాధానం చెప్పుకోలేరు. ఇంట్లోనే ఉంచి, ఫొటోలు తెప్పించుకోండి. రెండు వైపులా, అంచు, తూకం మీద పెట్టి ఒకటి. కొక్కెం అతికించినవీ, బొక్క పెట్టి దండ గుచ్చినవీ సేకరించేవాళ్ళు తీసుకోరు, వెండి ధరే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు పోలిక చూసుకోవాలంటే పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియంలో నాణేలు చూడొచ్చు, నిజాం రూపాయిలు కళ్ళారా చూస్తే నకిలీ వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడైతే మనామాలో నేషనల్ మ్యూజియం ఉంది, సెలవు రోజు ఒక పూట పోయి రండి.

వెండి లెక్క చివరిగా ఒకసారి, రాసుకునేవాళ్ళ కోసం. పాత బ్రిటిష్ రూపాయిలో అచ్చమైన వెండి 10.7 గ్రాములు. 1940ల దాంట్లో 5.8. హాలీ సిక్కాలో 9.1. సౌదీ పాత రియాల్, హిజ్రీ 1354ది, 1935 అన్నమాట, దాన్ని మన రూపాయి కొలతకే కొట్టారు కాబట్టి రూపాయి లెక్కే. ఈ అంకెల కంటే తక్కువ ఇస్తానన్నవాడికి అమ్మకండి. దీనికి యాభై రెట్లు ఇస్తానన్నవాడి నంబర్ బ్లాక్ చెయ్యండి.

ఫొటోలు పంపేవాళ్ళు తూకం అంకె లేకుండా పంపకండి, నేను జవాబివ్వలేను. సీపీఆర్ కార్డు ఫొటో మాత్రం ఎవరికీ, నాకు కూడా, పంపొద్దు. పోయిన వారం ఒకతను బిళ్ళతో పాటు అదీ పంపాడు. వచ్చే శుక్రవారం గ్రాట్యుటీ లెక్క గురించి. ఉంటాను.